పిలవని చుట్టం వైఫై!

పెళ్లి పత్రికలు పంచడానికి బయల్దేరితే ఊళ్లే కాదు, కొత్త సంగతులూ తెలుస్తాయి. మా అక్క కూతురి పెళ్లికని మేనల్లుణ్ని వెంటబెట్టుకుని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తిరిగాను. మూడూ ఒకప్పుడు వరంగల్ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న వేటికవే జిల్లా కేంద్రాలయ్యాయి.

జనగామలో పత్రికలిచ్చి స్టేషన్లో బండి కోసం కూర్చున్నాం. మావాడు ఫోన్ తీసి వైఫై వెతకసాగాడు. గూగుల్, రైల్‌టెల్ కలిసి 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో మొదలుపెట్టిన ఉచిత వైఫై, తర్వాత దేశంలో 6,000కు పైగా స్టేషన్లకు పాకింది.

‘‘ఓటీపీ అడుగుతది కద మామా, ఇంక భయమేముంది?’’ అన్నాడు.

పొరపాటు అక్కడే! ఓటీపీ మనమెవరో వాళ్లకు చెబుతుంది. వాళ్లెవరో మనకు చెప్పదు. పక్క బెంచీ మీది మనిషి కూడా అదే పేరుతో హాట్‌స్పాట్ పెట్టొచ్చు. రైలు వేళలు చూసుకోండి, పాటలు వినండి. బ్యాంకు పని మాత్రం సొంత డేటాతోనే చేసుకోండి.

మహబూబాబాద్... అదే, మన మానుకోటలో చిన్నమ్మ ఇల్లు. ముందుగదిలో సిగ్నల్ నిండుగా ఉంది, వంటింట్లో సున్నా! చూస్తే రౌటర్ ఇనుప బీరువా వెనక దాక్కుంది. వైఫై అంటే రేడియో తరంగాలే. ఇనుము అడ్డొస్తే ఆగిపోతాయి, మందపాటి గోడలకు నీరసిస్తాయి. రౌటర్‌ను తీసి నడింట్లో ఎత్తుగా పెట్టాం. చిన్నమ్మ ఫోన్‌కు సీరియల్, మాకు చాయ్ వచ్చాయి.

మర్నాడు హనుమకొండ నుంచి పరకాల, రేగొండ మీదుగా బస్సులో బొగ్గుగనుల ఊరు భూపాలపల్లి చేరాం. బావ ఇంట్లో అడుగుపెట్టామో లేదో, మావాడి ఫోన్‌కు నెట్ వచ్చేసింది. పాస్‌వర్డే లేదు!

‘‘నలుగురు వాడుకుంటే మనకేం పోతది?’’ అన్నాడు బావ.

అప్పుడు చెప్పానాయనకు. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు ఓ ఈమెయిల్ వెళ్లింది. పోలీసులు ఆరా తీస్తే నవీ ముంబయిలోని ఓ అమెరికన్ ఇల్లు తేలింది. పాపం, ఆయనకేమీ తెలీదు. తాళం లేని ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు!

బావ మారుమాట్లాడకుండా రౌటర్ వైపు చూపించాడు. మేనల్లుడు సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ2 రక్షణ ఎంచుకున్నాడు. కొత్త రౌటరైతే 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఇంకా మేలు. రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డూ మార్చాడు.

‘‘వైఫైకి పాప పుట్టినరోజు పెడదామా?’’ అన్నాడు బావ.

‘‘అది వాడకట్టంతా తెలుసు బావా!’’ అన్నాను. ఎవరూ ఊహించలేని పొడవాటి పాస్‌వర్డే పెట్టాం.

పెళ్లికి ఊరంతా రావాలి. వైఫైకి మాత్రం పిలిచినవాళ్లే రావాలి!