బామియాన్ అంటే బుద్ధుడొక్కడేనా?

మా టీమ్‌లో ఒకమ్మాయిది అఫ్గానిస్థాన్‌లోని బామియాన్. హైదరాబాద్‌లోనే చదువుకుంది. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా అడిగేది ఒక్కటే, 'బుద్ధ విగ్రహాలు పేల్చేసిన ఊరేనా?' అని. ఔను, అదే. 2001 మార్చిలో తాలిబన్లు 55, 38 మీటర్ల విగ్రహాల్ని కూల్చేశారు. మన అమరావతి వైపు వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ అంతకుముందు వాటినీ చూశాడు.

తనకు మాత్రం ఊరంటే ఆలుగడ్డ పొలాలు, కోహె బాబా కొండల మీది మంచు, బందె అమీర్ సరస్సులు. నీళ్లలోని సున్నం పేరుకుని గోడలు కట్టుకుంటే, వాటి వెనక నిలిచిన నీలం నీళ్లు అవి. ఏ ఇంజినీరూ కట్టని డ్యాములు! (సివిల్ వాళ్లు ఏమీ అనుకోవద్దు.) 2009లో అది ఆ దేశపు తొలి జాతీయ పార్కు అయింది. ఆడవాళ్లు రేంజర్లుగా కూడా పనిచేశారక్కడ.

2023 ఆగస్టులో ఆడవాళ్లు అసలు అటు రావద్దన్నారు. హిజాబ్ సరిగ్గా వేసుకోవట్లేదట!

విగ్రహాలప్పుడు ప్రపంచమంతా గోలచేసింది. దీనికి రెండ్రోజుల వార్త, అంతే. నాకు ఇదే పెద్ద విధ్వంసం అనిపిస్తుంది.

మొన్న వాళ్ల తమ్ముడు సరస్సుకెళ్లి ఫోన్లో వీడియో తీసుకొచ్చాడట. వాళ్లమ్మ వంటింట్లో కూర్చుని చూసిందట.