ముక్కల వరుస

అమ్మ పాడిన మంగళహారతుల కేసెట్టు ఒకటి మా ఇంట మిగిలినది. అరవై నిమిషాల కేసెట్టులో ఒక ప్రక్క మాత్రమే అమ్మ గొంతు. రెండవ ప్రక్క ఎవరో సినిమా పాటలు నింపారు. అమ్మ 2003లో వెళ్ళిపోయింది. 2005లో ఆ అరగంటను ఎంపీ3గా మార్చి, డాలస్‌లోని అక్కయ్యకు పంపదలచాను. సెకనుకు 128 కిలోబిట్ల లెక్కన దస్త్రం సుమారు 28 మెగాబైట్లు తేలింది.

ఇంట ఉన్నది డయలప్పు. పైకి సెకనుకు 33.6 కిలోబిట్లకు మించి పోదు. అనగా తెగకుండా సాగినా దాదాపు రెండు గంటలు. సాగినా ఏమి లాభం? నేను అద్దెకు తీసుకున్న సర్వరులో పీహెచ్‌పీ 2 మెగాబైట్లు దాటిన దస్త్రాన్ని స్వీకరించదు. అందుచేత దస్త్రాన్ని మెగాబైటు చొప్పున 28 ముక్కలు చేసి, రాత్రిపూట కొన్ని కొన్నిగా ఎక్కించాను. మధ్యలో లైను తెగితే ఆ ఒక్క ముక్కనే మళ్ళీ పంపితే సరి.

అక్కడ వాటిని అతుకుటకు చిన్న స్క్రిప్టు వ్రాశాను. మొత్తం ఒకేసారి జ్ఞాపకంలోకి తీసుకునే వీలు లేదు, అప్పటి పీహెచ్‌పీకి పరిమితి 8 మెగాబైట్లు. కనుక ఎఫ్‌రీడ్‌తో 8192 బైట్లు చదువుట, వ్రాయుట, మళ్ళీ చదువుట. చెంబుతో గంగాళం నింపినట్లు. చివరకు పరిమాణం చూస్తే బైటుతో సహా సరిపోయింది. సంతోషించి అక్కయ్యకు లంకె పంపాను.

మరునాడు ఫోను. "ఒరేయ్, అమ్మ ఇలా పాడదురా. చరణం మధ్యలో వేరే హారతి వస్తోందేం? నన్ను పాలు చూడమన్నది అంత ముందా?"

విని చూద్దును గదా, నిజమే. ముక్కల పేర్లను నేను సార్ట్‌తో వరుస పెట్టాను. ఆ పేర్లు దానికి అంకెలు కావు, అక్షరాలు. ఒకటి తరువాత పది, పదకొండు, పన్నెండు... పంతొమ్మిది అయిన పిమ్మట గాని రెండు రాలేదు. ఒకటో తరగతి పిల్లవాడు చేయని తప్పు! ఎంపీ3 అన్నది 26 మిల్లీసెకన్ల చిన్న చిన్న తునకల పేర్పు గనుక, వరుస తప్పినా ప్లేయరు కిమ్మనక పాడింది. పరిమాణం ఎలాగూ మారదు. పట్టుకున్నది అక్కయ్య చెవి ఒక్కటే.

ముక్కలింకా సర్వరులోనే ఉన్నవి. సార్ట్ తీసి నాట్‌సార్ట్ పెట్టాను, అంతే. ఈసారి పరిమాణాన్ని నమ్మక, రెండు చోట్లా ఎండీ5 తీసి ముప్ఫైరెండు అక్షరాలూ వ్రేలు పెట్టి సరిచూసుకున్నాను.

పన్నెండవ నిమిషం దాటిన తరువాత, హారతి ఆపి, "పాలు పొంగుతున్నాయి, చూడవే" అంటుంది అమ్మ. అక్కయ్య పరుగెత్తిన అడుగుల చప్పుడు కూడా ఉన్నది.