బండిల ఐబ్

నా మొదటి కారు గురించి ఇంతవరకు ఎవరికీ పూరా చెప్పలేదు. షరం. 2022 జులైలో గోదావరి పొంగి మంచిర్యాలలో కాలనీలు మునిగినప్పుడు, కడెం ప్రాజెక్టు ఉంటదో పోతదో అని కింది ఊర్లు ఖాళీ చేయించినప్పుడు, ఆ వార్తలు రాసినోళ్ళల్ల నేను గూడ ఒకడిని. ఇండ్లల్ల బురద ఎత్తిపోస్తున్న ఆడోళ్ళ గురించి రాసిన. నానిపోయిన సర్టిఫికెట్లు దండెం మీద ఆరబెట్టుకుంటున్న పిల్లల గురించి రాసిన. నీళ్ళల్ల మునిగిన బండ్లు తర్వాత ఎటు పోతయని మాత్రం ఒక్క లైను రాయలేదు. ఎనిమిది నెలలకు అండ్ల ఒకటి కరీంనగర్‌లో నా ఇంటి ముందటికి వచ్చి నిలబడ్డది. పైసలిచ్చి నేనే తెచ్చుకున్న.

కండ్లు మూసుకుని కొన్ననా అంటే అదీ కాదు. మెకానిక్‌ను వెంట తీసుకపోతే దలాల్‌తో కలిసిపోతడని నా షక్. అందుకే ఆన్‌లైన్ల ఏడెనిమిది వందలు పెట్టి చిన్న బ్లూటూత్ స్కానర్ తెప్పించుకున్న. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దగుంటది. స్టీరింగ్ కింద, మోకాలు తగిలే కాడ, పదహారు పిన్నుల సాకెట్ ఉంటది. అండ్ల గుచ్చి ఫోన్‌ల యాప్ తెరిస్తే, ఇంజిన్ కంప్యూటర్ తన లోపల రాసి పెట్టుకున్న తప్పుల చిట్టా బయటికొస్తది. దీన్నే ఓబీడీ అంటరు. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లకు దీని రెండో రకం తప్పనిసరి. మన దగ్గర 2010 ఏప్రిల్‌ల మొదటి రకం వచ్చింది, 2013 ఏప్రిల్ నుంచి రెండోది లాజిమ్ అయింది. అందుకని 2013 తర్వాతి బండికి ఈ చిన్న స్కానర్ చాలావరకు పనిచేస్తది. అంతకు ముందటి బండ్లల్ల సాకెట్ ఉన్నా ఒకదాని మాట ఇంకోదానికి తెలవకపోవచ్చు.

ఆ తప్పుల కోడ్లను తెలుగుల ఏమనాలె? డిగ్రీల తెలుగు చదివిన గురూర్‌తోని 'దోష సంకేతాలు' అనుకున్న. జాతకం చూస్తున్నట్టుందని నాకే నవ్వొచ్చింది. ఉర్దూ మీడియం బడిల నేర్చుకున్న మాటే బాగుంది. ఐబ్. మనిషిలనైనా సరుకులనైనా దాగి ఉన్న లోపం.

బండి 2017 మోడల్, పెట్రోల్‌ది. కంపెనీ పేరు ఎందుకు, తప్పు కంపెనీది కాదు. టీఎస్ 19 నంబరు, అంటే మంచిర్యాల. మీటర్ల 41 వేల కిలోమీటర్లు. తలుపు తెరవంగనే గుప్పున ఖుష్బూ. సీటు కవర్లు కొత్తవి. నేను స్కానర్ గుచ్చిన. స్క్రీన్ మీద పచ్చ రంగుల 'ఏ ఫాల్ట్ కోడ్ లేదు' అని వచ్చింది. దలాల్ వంగి చూసి, "మిషనే చెప్తున్నది కద సార్, ఇంకేం గావాలె?" అన్నడు. అల్హందులిల్లాహ్ అనుకుని 3 లక్షల 70 వేలకు బేరం తెంపిన.

రమ్‌జాన్ ఈద్ తెల్లారి ఆదిలాబాద్‌ల ఆపా ఇంటికి బయలెల్లినం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ దాకా బండి మంచిగనే పోయింది. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతున్నం. ముందుగాల ఏబీఎస్ లైటు వెలిగింది. ఆ వెనక ఎయిర్‌బ్యాగ్ లైటు. ఒక మలుపు కాడ స్టీరింగ్ ఒక్కపారి రాయి లెక్క బిగుసుకున్నది. వెనక లారీ హారన్ కొడుతున్నది. రెండు చేతుల జోరు పెట్టి తిప్పితే గానీ తిరగలేదు. వెనక సీట్ల అమ్మీ తస్బీ తిప్పుకుంట కూసున్నది, ఆమెకు ఏం తెలవలేదు. పక్కన బేగంకు తెలిసింది, మాట్లాడలేదు. నేరడిగొండ దగ్గర పక్కకు ఆపి బండి బంద్ చేసి మల్ల స్టార్ట్ చేస్తే స్టీరింగ్ మామూలైంది. మిగతా తొవ్వంతా నలభై స్పీడ్‌ల పోయినం.

మా భాంజా ఆదిలాబాద్‌లనే మెకానిక్. వాడు ముందుగాల నా స్కానర్ గుచ్చిండు. మల్ల అదే పచ్చ రంగు, ఏ కోడ్ లేదు. వాడు నవ్వి షెడ్డు లోపటి నుంచి పలక అంత స్కానర్ తెచ్చిండు. ఇంజిన్ ఒక్కటే కాదు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ కంప్యూటర్లన్నిట్లకెల్లి వరుస పెట్టి కోడ్లు రాలినయ్. కోడ్ మొదటి అక్షరం చూడాలె మామూ అన్నడు. పీ అంటే ఇంజిన్, గేర్ల దిక్కు. సీ అంటే బ్రేకులు, స్టీరింగ్. బీ అంటే బాడీ, ఎయిర్‌బ్యాగులు గూడ అండ్లనే. యూ అంటే ఒక కంప్యూటర్ మాట ఇంకోదానికి చేరుతలేదని. నా బండిల యూ 0121 ఉండె, అంటే ఏబీఎస్ కంప్యూటర్ జవాబు ఇస్తలేదు. ఏడెనిమిది వందల స్కానర్లల్ల చాలావరకు పీ కోడ్లే చదువుతయ్. మిగతా ఇండ్ల తలుపు గూడ కొట్టవు.

సరే, ఇంజిన్ అయినా సాఫ్ ఉంది కద అన్న. కొన్నరోజు రిపోర్ట్ ఫోన్‌ల ఉందా అని అడిగిండు. ఉంది. కిందికి జరిపి చూపెట్టిండు. కోడ్లు చెరిపినంక నడిచిన దూరం, 9 కిలోమీటర్లు. నేను చూడబోయే రోజు పొద్దుగాల్నే ఎవడో చెరిపిండు. దాని కింద మానిటర్లని ఒక వరుస ఉండె, సగానికి పైన 'పూర్తి కాలేదు' అని ఉండె. ఇంజిన్ కంప్యూటర్ తనను తాను చేసుకునే పరీక్షలవి. కోడ్లు చెరిపితే ఇవి గూడ మొదటికొస్తయ్. మల్ల పూర్తి కావాలంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసుడు, ఊర్ల తిరుగుడు, హైవే మీద ఒకే స్పీడ్‌ల పోవుడు, ఇవన్నీ కలిసి కొన్ని రోజులు పడ్తది. అంటే నేను చూసింది పరీక్ష పాసైన కాగితం కాదు. పరీక్షే రాయని ఖాళీ కాగితం.

"తుమ్ అఖ్బార్ వాలే హో మామూ, నీచే కీ లైన్ కైకు నై పఢే?" అన్నడు భాంజా. పేపరోడివి, కింది లైన్ ఎందుకు చదవలేదని. నా దగ్గర జవాబు లేకుండె.

తర్వాత సీటు బెల్టు కడదాకా గుంజిండు. లోపలి చివర అడ్డంగా మట్టి చార. ముందు సీటు విప్పి కార్పెట్ లేపితే ఎండిన ఒండ్రు, తుప్పు పట్టిన కనెక్టర్లు. స్టెపిని గుంతల గూడ అదే మట్టి. ఆ ఖుష్బూ ఎందుకో అప్పుడు సమజైంది.

ఇప్పుడు ఎవరన్నా నన్ను బండి గురించి అడిగితే ఇట్ల చెప్త. ఫజర్ చదివినంక పోండి, బండి స్టార్ట్ చేసి పెట్టొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగుంటే ఏదో దాస్తున్నరు. తాళం తిప్పి, స్టార్ట్ చెయ్యకుండ లైట్లు చూడండి. ఇంజిన్ లైటు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ అన్నీ వెలగాలె, తర్వాత ఆరాలె. అసలే వెలగని లైటు ఉంటే దాని గొంతు ఎవరో పిసికిండ్రు. స్కానర్‌ల కోడ్లకన్నా ముందు చెరిపినంక దూరం, మానిటర్లు చూడండి. కొత్త బ్యాటరీ వేసినమని సాకు చెప్తరు, అది నిజం గూడ కావచ్చు, బ్యాటరీ తీసినా చాలా బండ్లల్ల మానిటర్లు మొదటికొస్తయ్. అట్లయితే నాలుగు రోజులు నడపండి, మల్ల వచ్చి చూస్త అనండి. జల్దీ పడేటోని దగ్గర కొనొద్దు. కోడ్ ఉన్నంత మాత్రాన భయపడే పని గూడ లేదు. పీ 0300 అంటే ఇంజిన్ మిస్ కొడుతున్నదని, స్పార్క్ ప్లగ్గులతోనే పోవచ్చు. పీ 0420 అంటే సైలెన్సర్ దిక్కు క్యాటలిటిక్ కన్వర్టర్ మీద షక్, అది మార్చాల్సి వస్తే జేబు ఖాళీ. కోడ్ ఎక్కడ నొప్పో చెప్తది, రోగం ఏందో మెకానికే చెప్పాలె.

మీటర్‌ను నమ్మకుండ్రి. టైరు పక్కన నాలుగంకెలుంటయ్, 2319 అంటే 2019ల 23వ వారం తయారైందని. తక్కువ తిరిగిన బండికి నాలుగు టైర్లు ఎందుకు మారినయో అడగండి. పాత ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుని నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. అయిదేండ్ల బండికి సున్నా ఉంటే, క్లెయిమన్నా చేసి ఉండాలె, పాలసీ అన్నా తెగి ఉండాలె, ఓనరన్నా మారి ఉండాలె. నా పాలసీల సున్నానే ఉండె. కాగితాలు చదివి బతికేటోన్ని, అది గూడ చదవలేదు. ఆదిలాబాద్ దిక్కు పెన్‌గంగ అవతలి మహారాష్ట్ర బండ్లు అగ్గువకు దొరుకుతయ్. ఎన్‌ఓసీ, మన దగ్గర కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకుంటే అగ్గువేం ఉండదు.

రిపేర్‌కు 58 వేలు అయినయ్. దలాల్ దగ్గరికి పోయిన. వాడు చాయ్ తెప్పించిండు. "నేనేమన్నా బలవంతం చేసిన్నా సార్? మీరే మిషన్ పెట్టి చూసుకున్నరు కద" అన్నడు. నా స్కానరే వానికి గవాహ్ అయింది. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం గూడ కొనేవాడే చూసుకోవాలె అనే దిక్కే మొగ్గుతది. సరుకు చూసి కొన్నంక, ఆ చూపుకు అందాల్సిన లోపం గురించి తర్వాత అడగలేవు. తడి కార్పెట్ కిందిది నా చూపుకు అందాల్సిందా కాదా అని కోర్టుల తేల్చుకునే హిమ్మత్ నాకు లేకుండె.

మదీనా బజార్‌ల ధాన్యం కుప్ప ఖిస్సా చిన్నప్పటి నుంచి వింటున్నదే. ప్రవక్త (స) కుప్పల చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వాన పడ్డదని అమ్మేటాయన చెప్పిండు. మరి తడిసినవి జనానికి కనబడేటట్టు పైన ఎందుకు పెట్టలేదని అడిగిండ్రు. ఫిఖ్‌లనైతే ఐబ్ చెప్పుడు అమ్మేటోని జిమ్మేదారి, దాచి అమ్మితే కొన్నోనికి తిరిగిచ్చే హక్కుంటది. నేను చెయ్యి పెట్టలేదు, ఏడెనిమిది వందల మిషన్‌ను పెట్టిన. అంతకన్నా పెద్ద తప్పు, నోరు తెరిచి అడగలేదు. "ఇది ఎప్పుడన్నా నీళ్ళల్ల మునిగిందా? యాక్సిడెంట్ అయిందా?" అని అడిగి కాగితం మీద రాయించుకుని ఉంటే, వాడు అబద్ధం రాయాల్సి వచ్చేది. ఊకె ఉండుడు అల్కగ అయితది, అబద్ధం రాసి సంతకం పెట్టుడు అంత అల్కగ కాదు.

ఖిస్సా ఇక్కడ ఖతం కావాల్సింది. గానీ 2025ల ఆ బండి అమ్మాల్సొచ్చింది. కనెక్టర్లు మార్చినా ప్రతి వానకాలం ఏబీఎస్ లైటు వస్తనే ఉంది. నేను అమ్మకానికి పెట్టింది ఎండకాలం. లైటు లేదు. కోడ్లు చెరిపే పని గూడ లేదు, నోరు మూసుకుంటే చాలు. ఒక రాత్రంతా ఆలోచించిన. 58 వేలు పెట్టి బాగు చేయించిన కద, అది పాత కథ కద అని నా నఫ్స్ నాకు మంచిగనే వకాలత్ చేసింది. ఘాట్ మీద స్టీరింగ్ బిగుసుకున్న మలుపు యాదికొచ్చినప్పుడల్లా ఆ వకీల్ నోరు పడిపోయేది.

మొదలు వచ్చినాయన వరద మాట వినంగనే చెప్పులేసుకున్నడు. రెండోసారి ఇద్దరొచ్చిండ్రు, ఒకాయన నాకు వినబడేటట్టే రెండో ఆయనతోని అన్నడు: "ఇంత చెప్తుండంటే ఇంకెంత దాచిండో." నిజం చెప్తే షక్ పెరుగుతదని నాకు అంతకు ముందు తెలవదు. మూడో ఆయన జగిత్యాలల కిరాణం నడుపుతడు. జేబులకెల్లి స్కానర్ తీసిండు, నాసొంటిదే. అది గుచ్చకముందే చెప్పేసిన. మా భాంజాకు ఫోన్ కలిపి మాట్లాడిచ్చిన. పెద్ద స్కానర్ రిపోర్ట్ చూపెట్టిన. 2 లక్షల 80 వేలు చెప్తే 2 లక్షల 10 వేల కాడ ఆగిండు. "సచ్ కా టాక్స్ కిత్తా పడ్యా?" అని బేగం తర్వాత నవ్వింది, నిజానికి ట్యాక్స్ ఎంత పడ్డదని.

"అన్నీ ఒక కాగితం మీద రాసియ్యిండ్రి సార్" అన్నడాయన. రాసిన. 2022 జులైల మంచిర్యాలలో నీళ్ళల్ల మునిగింది. స్టీరింగ్, ఏబీఎస్ కనెక్టర్లు మార్చినం. వానకాలం ఏబీఎస్ లైటు వస్తది. కింద సంతకం పెట్టిన.

ఆయన చదువుకుని మడతపెట్టబోయి ఆగిండు. "ఇవి గాక ఇంకేమన్న ఉన్నయా?"

జాకీ లేదని అప్పుడు యాదికొచ్చింది. అది గూడ రాసిన. ఇంకో వెయ్యి తగ్గించుకున్నడు.