లహైనా మర్రి నీడలో

మౌయి ద్వీపపు పశ్చిమ తీరానికి పోయే రహదారి ఒక ప్రక్క కొండను, మరొక ప్రక్క సముద్రాన్ని ఒరుసుకొని సాగుతుంది. కొండ మొనను తొలిచిన చిన్న సొరంగం దాటి మరికొంత దూరం పోతే లహైనా పట్టణం వస్తుంది. వాన మబ్బులను పర్వతాలు ఆవలి వైపే ఆపివేయడం వలన ఇక్కడ ఎండ తీక్షణంగా ఉంటుంది. ‘క్రూరమైన సూర్యుడు’ అని హవాయి భాషలో ఆ ఊరి పేరుకు అర్థం చెబుతారు.

ఊరు చిన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారం పన్నెండు వేల ఏడువందల మంది మాత్రమే అక్కడ నివసించేవారు. చరిత్ర మాత్రం పెద్దది. 1820 నుండి 1845 వరకు హవాయి రాజ్యానికి అదే రాజధాని. తిమింగిలాల వేటకు వచ్చే ఓడలు అక్కడ లంగరు వేసేవి. ఆ పిమ్మట చెరకు తోటలు వచ్చాయి. చెరకు వెనుక జపాను, చైనా, ఫిలిప్పీన్సు దేశాల నుండి కూలీలు వచ్చారు. చివరకు పర్యాటకులు వచ్చారు.

ఆ పర్యాటకులలో భారతీయుడెవరైనా ఉంటే, ఓడరేవు దగ్గరి పాత న్యాయస్థానం వద్దకు రాగానే అతని కాళ్ళు తప్పక ఆగుతాయి. ఎదురుగా ఒక మర్రిచెట్టు ఉన్నది. నేలకు దిగిన ఊడలు మానులై, ఒక్క చెట్టే చిన్న తోపువలె విస్తరించింది. 1873 ఏప్రిల్ 24న, అక్కడ క్రైస్తవ మిషను నెలకొని యాభై యేండ్లు నిండిన సందర్భంగా, విలియం ఓవెన్ స్మిత్ అనే షెరిఫ్ ఈ మొక్కను నాటాడు. అప్పుడు దాని ఎత్తు ఎనిమిది అడుగులు. అది వచ్చినది భారతదేశం నుండి. నూటయాభై యేండ్లలో అది అరవై అడుగుల ఎత్తు పెరిగి, పదహారు పెద్ద మానులతో ఆ ఊరికి రచ్చబండ అయింది. పండుగైనా, సంతయినా, సభయినా ఆ నీడలోనే జరిగేది.

2023 ఆగస్టు 8న ఆ మర్రి కాలింది. దాని చుట్టూ ఉన్న ఊరు బూడిద అయింది.

ఆ మంగళవారం

ఆనాడు దక్షిణాన చాలా దూరంలో సముద్రం మీద డోరా అనే తుపాను పోతున్నది. ఉత్తరాన అధిక పీడనం నెలకొన్నది. ఈ రెండింటి నడుమ చిక్కిన ద్వీపం మీద పెనుగాలులు కొండవాలున దిగి వీచాయి. విద్యుత్ స్తంభాలు విరిగి పడ్డాయి. ఉదయం ఆరున్నర దాటిన తరువాత లహైనాలునా రోడ్డు సమీపాన, తెగిపడిన తీగలో మళ్ళీ విద్యుత్తు ప్రవహించగా ఎండుగడ్డి అంటుకొన్నది. అగ్నిమాపక దళం దానిని అదుపు చేసి, గంటల తరబడి కావలి ఉండి, మధ్యాహ్నం వెళ్ళిపోయింది. మూడు గంటలు కావస్తుండగా అదే నిప్పు తిరిగి రాజుకొని గాలితో పాటు ఊరి మీద పడింది. ఉదయపు మంట, సాయంకాలపు మంట వేరు కావనీ, రెండూ ఒక్కటేననీ 2024 అక్టోబరులో వెలువడిన అధికారిక దర్యాప్తు నివేదిక తేల్చింది.

నిప్పురవ్వకు మేత దొరికినది ఒక్కనాటి గాలి వలన కాదు. 1999లో పయొనీర్ మిల్లు అనే చక్కెర కర్మాగారం మూతపడిన తరువాత కొండవాలున చెరకు పొలాలు బీడుపడ్డాయి. మన రైతులు పశువుల మేతకు వేసే గినీ గడ్డివంటి పరదేశపు గడ్డి ఆ బీళ్ళను ఆక్రమించింది. ఒకనాడు చెరువులతో, కాలువలతో చల్లగా ఉన్న ఊరు అది. రాజకుటుంబపు నివాసాన్ని చుట్టి ఉన్న మొకుహినియా అనే కొలను కూడ ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో పూడ్చివేయబడింది. వాగుల నీరు తోటలకు మళ్ళింది. నీరు పోయిన చోట గడ్డి మొలిచింది. గడ్డి ఎండిన చోట నిప్పు పుట్టింది.

నూటరెండు మంది మరణించారు. రెండు వేల రెండు వందలకు పైగా కట్టడాలు నాశనమైనాయి. వాటిలో అధికభాగం ఇళ్ళే. నష్టం 550 కోట్ల డాలర్లని అంచనా వేశారు. పట్టణాన్ని తప్పించుకొని పోయే రోడ్డు ప్రక్కన, మృతుల స్మృత్యర్థం తెల్లని శిలువలు వరుసగా నిలిచాయి. వాటి మీద పూలదండలు, ఛాయాచిత్రాలు ఉంచారు.

మ్రోగని సైరన్లు

సునామీలకు భయపడే హవాయి రాష్ట్రంలో ఆరుబయట హెచ్చరిక సైరన్లు దాదాపు నాలుగు వందలున్నాయి. మౌయిలోనే ఎనభై. ప్రతి నెల మొదట వాటిని మ్రోగించి పరీక్షించడం ఆనవాయితీ. ఆ ధ్వని పిల్లలకు కూడ పరిచితమే. కాని ఊరు కాలుతున్న ఆ సాయంకాలం ఒక్క సైరనూ మ్రోగలేదు. సైరన్ విని ప్రజలు సునామీ అనుకొని కొండవైపు, అంటే మంటలవైపే పరుగెత్తేవారని కౌంటీ అత్యవసర విభాగాధిపతి సమర్థించుకొన్నాడు. మరునాడు, ఆగస్టు 17న, ఆరోగ్య కారణాలు చూపి రాజీనామా చేశాడు.

పెనుగాలి వచ్చేముందే విద్యుత్తు నిలిపివేసే పద్ధతి కాలిఫోర్నియాలో అప్పటికే ఉన్నది. హవాయిలో అది 2024 జూలైలో గాని అమలులోకి రాలేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడం ఏ దేశానికైనా ఒక్కటే. లహైనా వాసుల కోపానికి తొలి బీజం ఇక్కడ పడింది. ప్రకృతి మీద ఎవరూ కోపగించుకోలేదు. తమ పన్నులతో నడిచే వ్యవస్థ, తమకు అవసరమైన ఆ ఒక్కరోజున మౌనం వహించినదన్నదే వారి బాధ.

ఏడువందల డాలర్లు

ఆగస్టు 21న అధ్యక్షుడు బైడెన్ లహైనాకు వచ్చి ఆ మర్రిచెట్టును కూడ చూశాడు. అప్పటికే ద్వీపమంతటా ఒక అంకె మారుమ్రోగుతున్నది: 700. ఆహారం, బట్టలు వంటి తక్షణావసరాలకు కుటుంబానికి ఏడువందల డాలర్లు ఇస్తామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. విదేశాల యుద్ధాలకు వేల కోట్లు, సొంత పౌరునికి ఏడువందలా అని జనం అడిగారు. అది తొలి సాయం మాత్రమేననీ, ఇంటి అద్దెకు, మరమ్మతులకు వేరే సహాయం ఉన్నదనీ అధికారులు పదేపదే వివరించారు. వారి మాట అబద్ధం కాదు. కాని నమ్మకం కాలిపోయిన చోట వివరణ నిలువదు.

ఆ మిగిలిన సహాయమైనా సులభంగా చేతికి వచ్చేది కాదు. బీమా ఉన్నవారు మొదట బీమా సంస్థ నుండి తీర్మానపు పత్రం తెచ్చేవరకు ‘అర్హత లేదు’ అన్న ఉత్తరమే వచ్చేది. అది తుది తిరస్కారం కాదని తెలియక చాలామంది ఆశ వదులుకొన్నారు. ఇల్లు కాలితే ఇంటి పత్రాలూ కాలుతాయి. ఇంటి మీది అప్పు మాత్రం కాలదు.

ఈలోగా స్థలాలు కొంటామని బేరగాండ్ల ఫోన్లు మొదలైనాయి. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే, చుట్టకు నిప్పిమ్మని మరొకడు అడిగినట్లయింది. ‘లహైనా అమ్మకానికి లేదు’ అన్న బోర్డులు లేచాయి. స్థలాల విక్రయాన్ని కొంతకాలం నిలిపివేసే ఆలోచన చేస్తున్నామని గవర్నరు జోష్ గ్రీన్ చెప్పవలసి వచ్చింది.

ఇసుకలో గాలపు కర్రలు

నిలువనీడ కోల్పోయిన వేలాదిమందిని ఊరికి ఉత్తరాన ఉన్న కానపాలి తీరపు హోటళ్ళలో ఉంచారు. ఇక రెండు నెలలు నిండగానే, 2023 అక్టోబరు 8న, పశ్చిమ మౌయి పర్యాటకులకు తెరువబడింది. పర్యాటకులు లేనిదే ఉద్యోగాలు లేవన్నది ప్రభుత్వ వాదన. చితి చల్లారక ముందే విందుకు పిలుస్తారా అన్నది ఊరివారి ఆవేదన. తెరువవద్దని వేలాదిమంది వినతిపత్రం మీద సంతకాలు చేశారు. అయినా గడువు మారలేదు.

అప్పుడు వారు ఒక వినూత్నమైన సత్యాగ్రహం చేశారు. హవాయిలో సముద్రతీరం అందరిది. అక్కడ చేపలు పట్టుకొనే హక్కు ప్రతి నివాసికీ ఉన్నది. ‘లహైనా స్ట్రాంగ్’ అనే పౌరబృందం 2023 నవంబరులో కానపాలి ఇసుకలో గాలపు కర్రలు పాతి, గుడారాలు వేసి కూర్చున్నది. హోటళ్ళ కిటికీల ఎదుటే నెలల తరబడి ఆ శిబిరం సాగింది. వారు పట్టదలచినది చేపలను కాదు, ఇళ్ళను. సెలవులు గడప వచ్చేవారికి రోజుల లెక్కన అద్దెకిచ్చే వేలాది నివాసాలను ఊరివారికి దీర్ఘకాలపు అద్దెకు ఇప్పించాలన్నది వారి కోరిక.

ప్రభుత్వం కదిలింది, నెమ్మదిగా. అటువంటి అద్దెలను తొలగించే అధికారాన్ని కౌంటీలకు ఇచ్చే చట్టం 2024 మేలో వచ్చింది. మేయరు రిచర్డ్ బిస్సెన్ అదే నెలలో తన ప్రతిపాదనను ప్రకటించాడు. దశలవారీగా అమలు కావలసిన ఆ శాసనం కౌంటీ మండలి ఆమోదం పొందేసరికి 2025 డిసెంబరు వచ్చింది.

పన్నుల ముడి

ఆ జాప్యానికి కారణం మనుషుల మంచిచెడ్డలు మాత్రమే కాదు. మౌయి కౌంటీ రాబడిలో అధికభాగం ఆస్తిపన్ను. అందులో పెద్దవాటా పర్యాటకులకు అద్దెకిచ్చే ఇళ్ళ నుండే వస్తుంది. ఊరివారికి ఇళ్ళు ఇప్పించాలంటే ఖజానాకు గండి కొట్టుకోవాలి. ఖజానా నిండాలంటే ఊరివారు బయట ఉండాలి. ఈ ముడిని విప్పడం ఏ పాలకునికీ తేలిక కాలేదు.

కాలిపోయిన ఇళ్ళపై కౌంటీ పన్ను మాఫీ చేసింది. నిర్వాసితులకు దీర్ఘకాలపు అద్దెకిచ్చిన యజమానులకు పన్ను రాయితీ ఇచ్చింది. ఇది మంచి పనియే. కాని మంటలు ఆరి ఐదు నెలలు కాకముందే, 2024 జనవరి 1 నుండి, మౌయిలో కొనుగోళ్ళ మీది సాధారణ పన్నుకు అర శాతం అదనంగా చేరి అది నాలుగున్నర శాతమైంది. ఆ పన్ను తిండిగింజల మీదా, ఇంటి అద్దె మీదా కూడ పడుతుంది. గృహవసతి పనులకు ఈ సొమ్ము అవసరమని కౌంటీ సమాధానం. ఇల్లు లేనివాడు, ఇల్లు వస్తుందన్న ఆశతో, అద్దె మీద మరికొంత పన్ను చెల్లించాడు.

పరిహారం కథ మరింత చిత్రమైనది. 2024 ఆగస్టులో విద్యుత్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం, కౌంటీ మొదలైన ఏడు పక్షాలు కలిసి 400 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొన్నాయి. అందులో రాష్ట్రం వాటా 80 కోట్లకు పైబడినది. అది ప్రజలు కట్టిన పన్నుల నుండి ప్రజలకే తిరిగి వచ్చే సొమ్ము. దావానల బాధితుల పరిహారంపై ఆదాయపు పన్ను వేయరాదని 2024 డిసెంబరు 12న కేంద్రం చట్టం చేసింది. అయితే 2025 చివరిలోగా అందిన సొమ్ముకే అది వర్తించేటట్లు వ్రాయబడింది. విద్యుత్ సంస్థ చెల్లింపులేమో నాలుగు వార్షిక వాయిదాలు. మొదటిది 2026 కంటె ముందు అందదని 2025లోనే తేలిపోయింది. ఒక చేతితో ఇచ్చిన వరానికి రెండవ చేయి గడువు పెట్టింది.

చిగురు

ఇల్లు కట్టి చూడు అన్న మన పెద్దల మాట లహైనాకూ వర్తిస్తుంది. మొదట విషపు బూడిదను, శిథిలాలను తొలగించాలి. సైనిక ఇంజనీర్ల ఆధ్వర్యంలో ఆ పని 2025 ఆరంభం దాకా సాగింది. తరువాత అనుమతులు. ఆలస్యం పెరుగుతున్నదని గగ్గోలు లేవగా, 2024లో కౌంటీ ప్రత్యేక అనుమతుల కేంద్రం తెరిచింది. సముద్రపు ఒడ్డున ఉన్న స్థలాలకు తీర రక్షణ నిబంధనలు అదనపు మెట్లయినాయి. తిరిగి కట్టిన మొదటి ఇల్లు పూర్తయ్యేసరికి 2024 సంవత్సరం చివరికి వచ్చింది. ఈలోగా ఎన్నో కుటుంబాలు అమెరికా ప్రధాన భూభాగానికి తరలిపోయాయి. తరతరాలుగా ఒకే కప్పు క్రింద బ్రతికిన తాతలు, మనుమలు వేర్వేరు రాష్ట్రాల పాలైనారు.

ఆ మర్రిచెట్టు సంగతి వేరు. మంటలారిన కొద్దిరోజులకే వృక్షవైద్యులు, స్వచ్ఛంద సేవకులు దాని చుట్టూ చేరారు. బెరడు గీసి, లోపల జీవమున్నదని కనుగొన్నారు. ట్యాంకర్లతో నీరు తెచ్చి పోశారు. గట్టిబడిన నేలను గుల్లచేసి కంపోస్టు కలిపారు. చచ్చిన కొమ్మలను నరికి, బ్రతికిన వాటిని కాపాడారు. ఆరు వారాలు తిరిగేసరికి, 2023 సెప్టెంబరులో, మసిబారిన మాను మీద పచ్చని చిగురు కనిపించింది.

చెట్టుకు చేసిన పరిచర్యను చూసి ఊరివారిలో అసూయ పుట్టలేదు. ఆ చిగురును చూసి కంటతడి పెట్టినవారే ఎక్కువ. ఐతే ఆ పని ఎట్లా జరిగినదో కూడ వారు గమనించకపోలేదు. చెట్టును ఎవరూ దరఖాస్తు అడుగలేదు. అర్హత ఋజువు చేసుకొమ్మనలేదు. జీవం ఉన్నదా అని మాత్రమే చూశారు; ఉన్నదని తెలిసిన వెంటనే నీరు పోశారు.

లహైనా ప్రజలు తమ ప్రభుత్వాన్ని కోరినది అంతకంటె ఎక్కువ కాదు.