యంత్రముతో పుట్టిన హక్కు

ఈ సంచికను చేతిలోనికి తీసుకొన్నవారు ఒక వైపునుండి తెలుగులోను, మరొక వైపునుండి ఉర్దూలోను చదువుకొంటారు. రెండు ముఖపత్రములు గల పుస్తకము మనది. ఈ ఏడు ఆ రెండు ముఖములలో ఏదియు వెలుగు చూడదేమో అన్న భయము జనవరి మాసములో మమ్ము పట్టి పీడించినది. కారణము కాగితపు ధర కాదు, రచనల కొరత అంతకంటెను కాదు. సంచికను కూర్చెడి కంప్యూటరు అచ్చుకు పంపవలసిన వారము దినములకు ముందు ప్రాణము విడిచినది. అప్పుడు జరిగిన కథ విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును కొంత ఉపకరించునని తలచి ఇక్కడ వ్రాస్తున్నాము. మేము సాంకేతిక విద్య నేర్చినవారము కాము. రాష్ట్ర విశ్వవిద్యాలయములో తెలుగు ఎం.ఏ. చదివి, సంధులు సమాసములు చెప్పుకొని బ్రతుకువారము. కనుక మాకు అర్థమైన మాటలలోనే చెప్పగలము.

ఆ కంప్యూటరును కమిటీవారు 2017లో కొనిపెట్టారు. విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమ్ దానిలో ముందే అమర్చి వచ్చినది. అంతవరకు ఏ సంచిక వచ్చినను దాని ఒడిలోనే పెరిగినది. ఒకనాటి ఉదయము మీట నొక్కితే ఉలుకు లేదు, పలుకు లేదు. బజారునుండి వచ్చిన మెకానిక్ పెట్టె విప్పి చూచి, "మదర్‌బోర్డు పోయింది సార్. ఈ మోడలు బోర్డు ఇప్పుడు దొరకదు" అన్నాడు. మా ముఖము చూచి జాలిపడి, "హార్డ్‌డిస్కు మాత్రం బాగానే ఉంది, మీ పేజీలు ఎక్కడికీ పోలేదు" అని ఊరడించాడు.

అదృష్టవశాత్తు మన పూర్వవిద్యార్థి ఒకరు హైదరాబాదులో తాను పనిచేయు సంస్థ తొలగించిన కంప్యూటరు నొకదానిని కళాశాలకు ఇప్పించి ఉన్నారు. సంస్థవారు తమ రహస్యములు బయటికి పోకుండుటకు అందులోని డిస్కును తీసివేసి ఇచ్చారు. మన డిస్కు ఉన్నది, యంత్రము లేదు. ఆ యంత్రము ఉన్నది, డిస్కు లేదు. రెంటికిని పెండ్లి చేసితే సరి అని మెకానిక్ డిస్కును అందులో బిగించాడు. తెర వెలిగినది. పేజీలన్నియు కనబడినవి. సంచిక పనిలో మాకు తోడ్పడుచున్న బి.కాం. రెండవ సంవత్సరపు విద్యార్థిని ఆనందముతో చప్పట్లు కొట్టినది.

కొంతసేపటికి తెర కుడివైపు క్రింది మూలలో వెలిసిన రంగులో రెండు ఇంగ్లీషు మాటలు ప్రత్యక్షమైనవి: "యాక్టివేట్ విండోస్". వాడుకొనుటకు నీకు అనుమతి ఉన్నట్లు రుజువు చేసుకొమ్మని దాని భావము. పని ఆగలేదు. కాని ఏ పేజీ తెరచినను ఆ మాటలు మూలలో నిలిచియే ఉన్నవి. బాకీ అడుగుటకు వచ్చి, నోరు మెదపక అరుగుమీద కూర్చున్న మనిషివలె ఉన్నవి.

అనుమతికి గుర్తుగా ఇరువదియైదు అక్షరముల సంకేతము ఒకటి ఉండవలెనని ఆ అమ్మాయి చెప్పినది. పాత పెట్టెను నాలుగు వైపుల త్రిప్పి చూచాము. అసలైన సరుకే అని తెలుపు చిన్న చీటీ అంటించి ఉన్నది. దానిపై సంకేతము లేదు. అప్పుడు ఆమె మమ్మడిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

"సార్, మన కాలేజీ డబ్బు పెట్టి కొన్నదే కదా! పాత కంప్యూటరు చచ్చిపోయింది. రెండు చోట్ల వాడటం లేదు. ఒక చోట తీసి ఇంకో చోట పెట్టుకుంటే తప్పేముంది?"

మేము జవాబు వెదకుకొనుచుండగా మెకానిక్ అందుకొన్నాడు. "మూడు వందలు ఇప్పించండి సార్. నా పెన్‌డ్రైవులో ఒక ప్రోగ్రాం ఉంది. ఆ అక్షరాలు మళ్లీ కనబడవు" అన్నాడు. అది దొంగతాళపుచెవి అని తెలియనంత అమాయకులము కాము. అయినను మా బల్లమీద విద్యార్థుల రచనలు గుట్టగా ఉన్నవి. అచ్చువారి గడువు మీద పడుచున్నది. "సరే, రేపు ఉదయం రండి" అన్నాము. ఆ అమ్మాయి వింటూనే ఉన్నది. దాచుకొనుటకు వీలున్నను దాచక చెప్పుచున్నాము.

ఆ రాత్రి నిద్ర పట్టక, విండోస్‌తో వచ్చెడి షరతుల పత్రమును మొట్టమొదటి సారి చదివాము. అందరమును చదువకయే "అంగీకరించితిని" అని నొక్కెడి పత్రము అదియే. దానిని బట్టి ఈ అనుమతులు ముఖ్యముగా రెండు జాతులు. మొదటిది యంత్రముతోపాటు ముందే అమర్చి వచ్చునది. దీనిని ఓఈఎం లైసెన్సు అంటారు. యంత్రములు చేయువారు దీనిని టోకుగా, తక్కువ ధరకు తీసుకొంటారు. ఆ చౌక వెనుక ఒక షరతు ఉన్నది. ఇది ఏ యంత్రముతో పుట్టినదో ఆ యంత్రముతోనే ఉండవలెను. యంత్రమును మరొకరికి ఇచ్చినచో అనుమతియు దానితోపాటు పోవును గాని, అనుమతిని విడదీసి వేరొక యంత్రమునకు ఇచ్చుటకు వీలు లేదు. రెండవది విడిగా కొన్నది. దీనిని రిటైల్ లైసెన్సు అంటారు. ధర ఎక్కువ. అయితే పాత యంత్రమునుండి తొలగించి, మన సొంతమైన మరొక యంత్రమునకు మార్చుకొనవచ్చును. ఒక సమయములో ఒక్క యంత్రమున మాత్రమే ఉండవలెను.

యంత్రము అంటే ఏది? మూషికము మారితే, డిస్కు మారితే, జ్ఞాపకశక్తి పెంచితే యంత్రము మారినట్లు కాదు. మదర్‌బోర్డే దాని ప్రాణము. చెడిపోయిన బోర్డు స్థానములో ఉత్పత్తిదారు దానికి తగిన బోర్డును వేసి బాగుచేసినచో పాత అనుమతి నిలుచును. మన విషయములో ఆ దారియు మూసికొనిపోయినది. ఇక సంకేతము పెట్టెపై ఎందుకు లేదన్న సందేహమునకు సమాధానమును దొరకినది. విండోస్ 7 కాలములో సంకేతమును చీటీపై అచ్చువేసేవారు. 2012లో విండోస్ 8 వచ్చిన నాటినుండి పెద్ద ఉత్పత్తిదారులు దానిని మదర్‌బోర్డులోనే వ్రాసి పంపుచున్నారు. మనము కొన్న అనుమతి బోర్డు కడుపులో ఉన్నది. బోర్డు పోయినది, అదియు పోయినది.

ఇది చదువుచుండగా మా తాతగారు జ్ఞాపకము వచ్చారు. రాయలసీమలో ఒక చిన్న దర్గాకు దీపము పెట్టెడి సేవ వారిది. ఆ సేవకుగాను వారికి కొంత చిరాగీ ఇనాము భూమి ఉండేది. పంట తినేవారు, శిస్తు బాధ లేదు. మా మేనత్త పెండ్లికి డబ్బు చాలక, ఆ భూమిలో ఒక చెక్క అమ్మరాదా అని ఇంటివారు అడిగితే, "అది నాది కాదు, దీపానిది" అన్నారట. బాల్యములో ఆ మాట మాకు అర్థము కాలేదు. అనుభవించుట వేరు, స్వంతమగుట వేరు. 2017లో మనము యంత్రమును కొన్నాము. విండోస్‌ను మాత్రము ఆ యంత్రము సేవలో ఉన్నంతకాలము అనుభవించు హక్కును కొన్నాము. బిల్లుపై రెండును ఒకే వరుసలో ఉన్నందున రెండును ఒకటే అనుకొన్నాము.

అయితే ఆ అమ్మాయి ప్రశ్న తెలివితక్కువ ప్రశ్న కాదు. దేశదేశముల న్యాయస్థానములు దానిని విచారించినవి. యంత్రముతో కలిపి అమ్మవలసిన విండోస్ ప్రతులను విడిగా అమ్మిన ఒక వర్తకుని కేసులో, ఒకసారి విపణిలోనికి వచ్చిన ప్రతి ఆపై ఎట్లు చేతులు మారవలెనో తయారీదారు శాసించజాలడని జర్మనీ అత్యున్నత న్యాయస్థానము 2000 జులైలో తీర్పు చెప్పినది. శాశ్వత వాడుకకు వెల చెల్లించినచో అది అమ్మకమే అనియు, కొన్నవాడు తన ప్రతిని పనికిరాకుండ చేసి ఇతరునికి అమ్ముకొనవచ్చుననియు యూరోపియన్ యూనియన్ న్యాయస్థానము 2012 జులై 3న చెప్పినది. అమెరికాలో మాత్రము ఒక అప్పీలు కోర్టు 2010లో దీనికి భిన్నముగా, షరతులతో ఇచ్చినచో అది అనుమతియే గాని అమ్మకము కాదన్నది. విజ్ఞులే ఏకాభిప్రాయమునకు రాని విషయమిది.

ఆ తీర్పులు మన దేశమునకు వర్తించవు. పైగా, అవి ఏవియు దొంగతాళమును ఒప్పుకొన్నవి కావు. మన 1957 నాటి కాపీరైటు చట్టములోని 63బి సెక్షను, హక్కును ఉల్లంఘించిన ప్రతి అని తెలిసియు కంప్యూటరులో వాడినవారికి 7 దినములకు తగ్గని, 3 సంవత్సరములకు మించని కారాగారమును, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానాను నిర్ణయించినది. వ్యాపారలాభము కొరకు కానిచో శిక్షను తగ్గించు అధికారము కోర్టుకు ఉన్నది. కాని మమ్ము ఆపినది ఆ సెక్షను కాదు. "సరే" అన్నప్పుడు ఆ అమ్మాయి మా వైపు చూచిన చూపు.

మరునాడు మెకానిక్ పెన్‌డ్రైవుతో వచ్చాడు. వద్దన్నాము. "ఊళ్లో అందరూ చేయించుకునేదే సార్" అని నవ్వాడు. వచ్చిన శ్రమకు డబ్బు ఇచ్చి పంపాము. "నిన్న సరే అన్నారు కదా సార్?" అని ఆ అమ్మాయి అడిగినది. "నిన్న చదవలేదమ్మా, రాత్రి చదివాను" అన్నాము. ఆ జవాబులో సగమే సత్యమున్నది. తప్పని నిన్ననే తెలియును. ఎందుకు తప్పో రాత్రి తెలిసినది.

విషయము విని ఉర్దూ శాఖలోని పెద్దలు, "మియా, ఉర్దూ భాగము చేతివ్రాతతో ఇచ్చెదము. మా చిన్ననాడు కాతిబులు వ్రాయలేదా?" అన్నారు. మేము కొత్త లైసెన్సు కొనుటకు కమిటీవారికి అర్జీ వ్రాయబూనాము. ఆ సమయమునకు సెలవుపై వెళ్లిన కంప్యూటరు శాఖ యువ అధ్యాపకులు తిరిగి వచ్చారు. అంతయు విని, "చనిపోయినదాని ఆస్తి గురించి ఇంత ఆలోచించారు. వచ్చినదాని ఆస్తి ఏమిటో చూశారా సార్?" అన్నారు.

మేము నిరుత్తరులమైనాము. దానముగా వచ్చిన ఆ యంత్రము 2019లో విండోస్ 10 ప్రో అను తరగతితో పుట్టినది. దాని సంకేతము దాని బోర్డులోనే భద్రముగా ఉన్నది. మన పాత డిస్కులో ఉన్నది హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అను వేరొక తరగతి. రెంటికిని పొత్తు కుదరక అది మూలలో ఫిర్యాదు చేయుచున్నది. వారు మన పేజీలన్నింటిని వేరొకచోట దాచి, డిస్కును తుడిచి, తయారీదారు స్వయముగా అందించు ప్రతినుండి విండోస్ 11ను కొత్తగా ఎక్కించారు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఉచిత రక్షణ సవరణలు ముగిసినందున, ఈ యంత్రమునకు 11ను మోయు శక్తి ఉన్నందున ఆ పని చేశారు. ఏ తరగతి కావలెనని అది అడుగలేదు. బోర్డులోని సంకేతమును తానే చదువుకొన్నది. ఇంటర్నెట్ తగిలించిన కొన్ని నిమిషములకు అనుమతి సిద్ధించినది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ఇంటిలో మన పెట్టెలోనే ఉన్న సొమ్ము కొరకు పొరుగింటికి కన్నము వేయబోయామన్నమాట.

ఇక కమిటీ పెద్దలకు మా మనవి. ఇకమీదట కంప్యూటరు కొనునప్పుడు బిల్లుపై లైసెన్సు ఏ జాతిదో విడిగా వ్రాయించుకొనండి. చాలకాలము నిలుపుకొనదలచిన పనికి మార్చుకొనదగిన రిటైల్ అనుమతి మేలా, చౌక ఓఈఎం మేలా అని లెక్క చూచుకొనండి. దానముగా యంత్రము వచ్చినచో, అది ఏ అనుమతితో పుట్టినదో దాతనడిగి రిజిస్టరులో వ్రాయండి. మన ప్రయోగశాలలోని మూడు పాత యంత్రములలో అధ్యాపకులు ఇప్పుడు లినక్స్ వేశారు. 1991లో మొదలైన లినక్స్ అందరి ఊరబావి వంటిది. ఎన్ని యంత్రములకైనను తీసుకొనిపోవచ్చును, బదిలీ ప్రశ్నయే లేదు. మన సంచిక కూర్పుకు వాడు ప్రోగ్రాములు విండోస్‌పై పనిచేయునవి గనుక ఈ ఒక్క యంత్రమునకు అది తప్పలేదు.

విద్యార్థులకు ఒక చిన్న ఉపాయము. విండోస్‌లో రన్ అను పెట్టె తెరచి, ఎస్ ఎల్ ఎం జి ఆర్ అను ఐదక్షరములు, ఒక ఖాళీ, ఒక ఏటవాలు గీత, డి ఎల్ ఐ అని ఇంగ్లీషులో కొట్టండి. మీ అనుమతి ఓఈఎంయో, రిటైలో అది చెప్పును. యంత్రము బ్రతికి ఉండగానే తెలుసుకొనండి.

పాత పెట్టె ఇప్పుడు సామానుల గదిలో ఉన్నది. దానిని అక్కడ చేర్చునాడు ఆ అమ్మాయి దానిపైనున్న చీటీని గోటితో గీకి తీయబోయినది. జ్ఞాపకముగా డైరీలో అంటించుకొంటానన్నది. తరువాత తానే ఆగి, చేయి వెనుకకు తీసుకొని, "వద్దులెండి సార్, ఇది దానిదే" అన్నది. తాతగారి మాట మాకు ఆ గదిలో మరల వినిపించినది.