మా పొట్టేలు కారు

మా కోనసీమలో కారు కొన్న ఆసామికి గోదావరే మొదటి శత్రువు. ఒకవైపు గౌతమి, ఇంకోవైపు వసిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. ఏ పట్నం వెళదామన్నా ఏదో ఒక రేవు అడ్డం వచ్చేది. పోనీ లోపల్లోపలే తిరుగుదామా అంటే, కాటన్ దొరగారు 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక వచ్చిన కాలవలూ, ఆ కాలవల గట్లూ తప్ప మాకు వేరే రోడ్లేవీ? గట్టు మీద ఎదురుగా గడ్డిబండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. ఎద్దులు వెనక్కి నడవవు గనక ఆ మర్యాద ఎప్పుడూ కారుకే దక్కేది.

అల్లాంటి చోట పదహారడుగుల అమెరికా కార్లు ఎందుకు కొన్నారయ్యా అని మీరడగవచ్చు. కొన్నారు మరి. అంబాజీపేట కొబ్బరి వర్తకులు కొన్నారు, రైసుమిల్లుల వాళ్లు కొన్నారు, పాతబడ్డాక అమలాపురం టాక్సీల వాళ్లు కొన్నారు. ఇప్పటి పిల్లలకు అమెరికా కారంటే ఓడలో దిగిన వింత వస్తువులా తోస్తుంది గాని, ఆ రోజుల్లో అది అంత వింత కాదు. ఫోర్డు వారు 1926లోనే బొంబాయిలో దుకాణం తెరిచారు. జనరల్ మోటార్సు వారు 1928లో బొంబాయి సేవ్రీలో షెవర్లేలు బిగించడం మొదలుపెట్టారు. విడిభాగాలు ఓడలో వచ్చేవి, బిగింపు మనవాళ్లు చేసేవారు. తరువాత వాల్‌చంద్ హీరాచంద్ గారు 1944లో ప్రీమియర్ కంపెనీ పెట్టి, క్రైస్లర్ వారితో ఒప్పందం చేసుకుని, 1947 నుంచి కుర్లాలో డాడ్జి, ప్లిమత్, డిసోటో కార్లు బయటికి వదిలారు. ఇందులో ఒక తమాషా ఉంది. ఈ మూడూ చాలామటుకు ఒకే కారు! ఒకే ఒళ్లు, ఒకే ఇంజను. ముఖం మీద బొమ్మ మార్చి ముగ్గురు వర్తకుల చేత మూడు పేర్లతో అమ్మించేవారు. ఒకే పిండితో చేసిన పూతరేకుల్ని మూడు పేర్లతో అమ్మినట్టన్నమాట.

మా తాతగారు 1951లో కొన్నది డాడ్జి. దాని ముక్కు మీద మెరిసే పొట్టేలు బొమ్మ ఒకటి కొమ్ములు వంచుకుని ఉండేది. అంచేత ఊళ్లో దాన్ని ఎవరూ డాడ్జి అనలేదు. పొట్టేలు కారు అనే అన్నారు. సంక్రాంతికి కారు కడిగి బొట్టు పెడితే, కనుమనాడు దీన్ని దేనితో పందెం కడతారని మా తాతగారిని వేళాకోళం చేసేవారు. ప్లిమతుకైతే ముక్కు మీద తెరచాప ఓడ బొమ్మ ఉండేది. ఊరు కదిలితే గోదావరి దాటవలసిన మా బోంట్లకు ఆ ఓడే నప్పేది గాని, తాతగారికి పొట్టేలు నచ్చింది.

కారు నడపడానికి కుదిరినవాడు యుద్ధంలో మిలటరీ లారీలు తోలి వచ్చిన మనిషి. మేం డ్రైవరు బాబాయి అనేవాళ్లం. ఇంజను మూత ఎత్తి ఆయన పాఠం చెబుతుంటే, బళ్లో మాస్టారు చెప్పినదానికన్నా శ్రద్ధగా వినేవాళ్లం. ఆరు సిలిండర్లు, మూడున్నర లీటర్ల పైచిలుకు, 97 గుర్రాల బలం. తరువాత వచ్చిన అంబాసిడర్ ఇంజను లీటరున్నర అని చెబితే తేడా మీకే తెలుస్తుంది. “బలం వేరు, వేగం వేరు అబ్బాయీ! వేగానికి గుర్రం కావాలి, బలానికి దున్న కావాలి. ఇది దున్న” అనేవాడాయన. నిజమే. మా గట్ల మీద అది ముప్ఫై మైళ్ల వేగం దాటగా నేను చూడలేదు. కాని అయిదుగురి కారులో పదముగ్గురం, రెండు అరిటి గెలలు, ఒక హార్మనీ పెట్టె, ఇంత బరువుతో నడిచే మనిషిపాటి వేగంలో పోతున్నా ఆయాసపడేది కాదు. గాలను పెట్రోలుకు పదిహేను మైళ్లు వస్తే ఆ రోజు పండగ. తాతగారు ఆ లెక్క నోటుబుక్కులో రాసుకునేవారు, రాసి నిట్టూర్చేవారు.

ఇక రేవు సంగతి చెప్పాలి. పంటు అంటే తెలియనివారికి: రెండు పెద్ద పడవలు పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిస్తే పంటు. ఒడ్డు నుంచి దాని మీదికి రెండు బల్లలు వాలుగా వేస్తారు. చక్రాలు సరిగ్గా ఆ బల్లల మీద పడాలి. అటూ ఇటూ జానెడు తప్పితే టన్నున్నర కారు గోదావరిపాలు. డ్రైవరు బాబాయి తలుపు తెరిచి, సగం ఒళ్లు బయటికి పెట్టి, కింద చక్రాన్ని చూసుకుంటూ ఎక్కించేవాడు. వేసవిలో ఇసకమేటల మీద తాటాకులూ కొబ్బరి మట్టలూ పరిచి దాటించేవారు. ఒకసారి పెళ్లివారు పంటు మీద దింపిన కారులోనే కూర్చుని పేకాడుకుంటూ ఏరు దాటారని మా ఊళ్లో చెప్పుకునేవారు.

1958 భాద్రపదంలో మా అక్కయ్య తొలికాన్పుకి వచ్చి ఉంది. ఒక సాయంత్రం అనుకున్నదానికన్నా ముందే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి బిడ్డ అడ్డం తిరిగింది, నా చేతుల్లో లేదు అంది. అమలాపురంలో డాక్టరుగారు చూసి ఆలస్యం చెయ్యకుండా కాకినాడ తీసుకుపొమ్మన్నారు. కాకినాడ అంటే ముక్తేశ్వరం వెళ్లి, గౌతమి దాటి కోటిపల్లిలో దిగి, అక్కణ్ణుంచి ఇరవై ఎనిమిది మైళ్లు. వెనకసీట్లో పరుపు వేసి అక్కయ్యను పడుకోబెట్టారు. అమ్మ తలవైపు కూర్చుంది. లాంతరు పట్టుకోవడానికి పదేళ్లవాణ్ణి నన్ను ముందుసీట్లో నాన్నగారికీ పెదనాన్నగారికీ మధ్య ఇరికించారు.

ముక్తేశ్వరం రేవు చేరేసరికి అర్ధరాత్రి. ఏరు ఎర్రగా, నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. చప్పుడు లేని వరదే భయం అని మావాళ్లకి తెలుసు. పంటువాళ్లు లేచారు గాని, “మనుషుల్ని దాటిస్తాం బాబూ, కారు మాత్రం ఎక్కించలేం” అన్నారు. అవతల ఆ వేళప్పుడు బండైనా దొరకదు. మా పెదనాన్నగారు జన్మలో ఎవరికీ చేతులు జోడించిన మనిషి కాదు. ఆ రాత్రి పంటు సరంగుకి రెండు చేతులూ జోడించారు. సరంగు ఒక్క మాటా అనకుండా బల్లలు తెమ్మన్నాడు.

ప్రవాహం మమ్మల్ని రేవుకి ఫర్లాంగు దిగువకి ఈడ్చేసింది. దిగినచోట రేవు లేదు, రోడ్డు లేదు, నిట్రంగా జారుడు మట్టిగట్టు ఒక్కటే ఉంది. పంటువాళ్లు లంకలోంచి మట్టలు నరుక్కొచ్చి పరిచారు. రెండుసార్లు చక్రాలు తిరిగాయి గాని కారు కదల్లేదు. మూడోసారి బాబాయి మొదటి గేరులో పెట్టి, క్లచ్చి మెల్లగా, చాలా మెల్లగా వదిలాడు. అప్పటి శబ్దం నాకిప్పటికీ చెవుల్లో ఉంది. అరుపు కాదు, కేక కాదు. గొంతు పెంచకుండా మూలుగుతూ, ముక్కు మీద పొట్టేలు ఆకాశం చూస్తుండగా, అంగుళం అంగుళం చొప్పున గట్టెక్కింది. గట్టు మీదికి రాగానే అమ్మ ఒక్కసారి గట్టిగా ఏడ్చింది. తెల్లవారేసరికి కాకినాడలో ఉన్నాం. మధ్యాహ్నానికి మేనల్లుడు పుట్టాడు. వాడికిప్పుడు మనవలున్నారు. ఇంట్లో ఇప్పటికీ వాణ్ణి డాడ్జిగాడనే పిలుస్తాం.

కార్లకు బలం ఇందుకే ఉంటుందని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. అమెరికావాళ్లు ఆ బలాన్ని వేరే పనికి వాడుకున్నారని 2011లో గాని తెలియలేదు. ఆ ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి నన్ను వుడ్‌వర్డ్ అవెన్యూకి తీసుకెళ్లాడు. అక్కడ 1995 నుంచి ఏటా పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. మన జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం వచ్చినట్టు వస్తారు. మడత కుర్చీలు వేసుకుని, తినుబండారాలు తెచ్చుకుని, పొద్దుటి నుంచి రాత్రి దాకా కార్లు చూస్తారు. అక్కడ చూశాను వాళ్లు కండల కార్లని ముద్దుగా పిలుచుకునేవాటిని. 1964లో పాంటియాక్ కంపెనీలో డిలోరియన్ అనే ఇంజనీరూ, ఆయన మిత్రులూ కలిసి మధ్యరకం కారులో పెద్దకారు ఇంజను దింపారట. అంత పెద్ద ఇంజను అంత చిన్న కారులో పెట్టకూడదని పైవాళ్ల నియమం. అంచేత దాన్ని కొత్త కారు అనకుండా, కావాలంటే అదనంగా పెట్టించుకునే సరంజామా అన్నారు. అదే జి.టి.ఓ. ఆరు లీటర్లు దాటిన ఇంజను, 325 గుర్రాలు. అదే ఏడు ఏప్రిల్ 17న ఫోర్డు వారు మస్టాంగ్ దింపితే మొదటిరోజే 22 వేల మంది కావాలన్నారట. ఆ రోజుల్లో ఇదే వీధిలో కుర్రాళ్లు ఎర్రదీపం దగ్గర పక్కపక్కన నిలబడి, పచ్చదీపం పడగానే పందెం వేసుకునేవారట.

నా వయసు వాడే ఒక పెద్దమనిషి తన జి.టి.ఓ. మూత ఎత్తుకుని గర్వంగా నిలబడ్డాడు. మా ఇంట్లోనూ అమెరికా కారు ఉండేదని మా అబ్బాయి చెప్పాడు. “ఎంత వేగం పోయేది?” అని అడిగాడాయన. మా కారు రేవులో పంటు కోసం గంటన్నర నిలబడేదనీ, ఆ తరువాత నది దాటేదనీ చెప్పించాను. ఆయన నవ్వలేదు. పంటు ఎల్లా కడతారో, బల్లలు ఎంత వెడల్పుండేవో వివరంగా అడిగి తెలుసుకున్నాడు. పక్క బారులో మా డాడ్జికి తోబుట్టువు లాంటిది ఒకటి కనబడితే వెళ్లి పొట్టేలు కొమ్ము నిమిరాను. వస్తువుల్ని ముట్టుకోకూడదట అక్కడ. ముసలాణ్ణి గనక ఊరుకున్నారు.

చిత్రమేమిటంటే, వాళ్ల కండల కార్లకీ మా దున్నపోతుకీ ఒకేసారి గడ్డుకాలం వచ్చింది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగపట్టాయి. బ్యారెలు మూడు డాలర్ల చిల్లర ఉన్నది కొద్ది నెలల్లో పన్నెండుకు దగ్గరగా పోయింది. అక్కడ పెద్ద ఇంజన్లను కొనే నాథుడు లేకపోయాడు. ఇక్కడ సంగతి అంతకు ముందే చెడిపోయి ఉంది. మన ప్రభుత్వం 1953లో, దేశంలో కార్లు తయారుచేసే ఉద్దేశం ఉన్నవాళ్లే ఉండాలి, ఉత్త బిగింపు పని కుదరదంది. ఫోర్డూ జనరల్ మోటార్సూ మూటాముల్లె సర్దుకున్నాయి. ఆ తీర్పు దేశానికి మంచిదే అని నా అభిప్రాయం. కాని పాత కార్లవాళ్ల సామాను కష్టాలు పగవాడికి వద్దు. పట్టీలు మా ఊరి కమ్మరి కొట్టి ఇచ్చేవాడు. మిగతావాటికి బెజవాడలోనూ మద్రాసులోనూ పాత ఇనపకొట్లన్నీ గాలించడమే. అమలాపురం టాక్సీలవాళ్లు తెలివైనవాళ్లు. పెట్రోలు ఇంజన్లు పీకించి డీజిలువి పెట్టించుకున్నారు. మా నాన్నగారిని ఆ మాట అడిగితే, గుండె తీసి గడియారం పెడతారుట్రా అన్నారు.

తాతగారు పోయాక, 1974లో పంపకాలు జరిగాయి. పొలం పంచారు, తోట పంచారు, ఇత్తడి గంగాళాలు పంచారు. చివరికి కారు మిగిలింది. పెదనాన్నగారు వద్దన్నారు. పెద్దమనుషులు దాన్ని ఇరవై కొబ్బరిచెట్లతో సమానంగా కట్టారు. “చెట్లు అన్నయ్య తీసుకుంటాడు. కారు నాకివ్వండి” అన్నారు నాన్నగారు. తలుపు చాటున అమ్మ గాజుల చప్పుడు ఆగిపోయింది.

అమ్మకి చదువు లేదు గాని లెక్క వచ్చు. చెట్టుకి ఏడాదికి ఎనభై కాయలు, ఇరవై చెట్లకి పదహారు వందలు, నలభై అయిదు రోజులకో దింపు. అవతల మా చెల్లాయి పెళ్లికి ఎదిగి కూర్చుంది. “చెట్టు నీళ్లు తాగి డబ్బు కాస్తుంది, ఇది డబ్బు తాగి పొగ కాస్తుంది” అంది. నాన్నగారు ఒకేసారి జవాబు చెప్పారు: “ఆ రాత్రి గట్టెక్కించినవి చెట్లా?” తరువాత ఇద్దరూ ఆ విషయం ఎత్తలేదు. చెల్లాయి పెళ్లికి చేసిన అప్పు 1981 దాకా నా జీతంలోంచి కట్టాను. అమ్మ లెక్కే లెక్క అని ఇప్పటికీ అంటాను. అయినా నాన్నగారి మీద నాకు కోపం రాలేదు. ఎందుకంటే లాంతరు పట్టుకున్నవాణ్ణి నేను.

కారు పాకలోనే ఉండిపోయింది. పెళ్లిళ్లకి మాత్రం బయటికి వచ్చేది, క్రమేణా అదీ లేదు. 1986 ఆగస్టు వరదల్లో చక్రాల కింద దుంగలు పెట్టి ఎత్తితే సీట్లు తడవకుండా బతికింది. నాన్నగారు 1993లో పోయారు. పోయేముందు వారం దాకా పొద్దున్నే పొట్టేలుని గుడ్డతో తుడిచేవారు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమ కొబ్బరి నడుం విరిచిన సంగతి మీకు తెలిసిందే. మా దొడ్లో కూలిన చెట్టొకటి పాకతో సహా కారు మీద పడింది. కప్పు సీట్ల దాకా దిగిపోయింది. తెల్లవారి అమ్మ వచ్చి చూసి, “చెట్టుకీ దానికీ ఇవాళ్టితో చెల్లు” అంది.

పాత ఇనప వ్యాపారి వచ్చినప్పుడు బేరం అమ్మే చేసింది. మూడు రోజులు ఆడింది. చివరికి ఒప్పుకుని, పొట్టేలు బొమ్మ మా మేనల్లుడికి పంపించి, వెనకసీటు మాత్రం ఇవ్వనంది. దాన్ని అరుగు మీద వేయించుకుంది. మధ్యాహ్నం పూట దాని మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరేది, చింతపండు గింజ తీసేది. చూడవచ్చినవాళ్లు “ఈ సీటేమిటి పిన్నిగారూ?” అంటే చేత్తో ఓసారి నొక్కి చూపించేది.

“స్ప్రింగులు మాత్రం గట్టివేనర్రా” అనేది.