ఆ మలుపు ఎవరిది?

లాస్ ఏంజెలిస్ నుంచి సియాటెల్ వెళ్లే ‘కోస్ట్ స్టార్‌లైట్’ రైలు డన్స్‌మ్యూర్‌లో ఆగేది రాత్రివేళే. దిగినవాళ్లను ముందుగా పలకరించేది నది హోరు. ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో, శాక్రమెంటో నది ఒడ్డున ఒదిగిన చిన్న ఊరది. జనాభా రెండువేలలోపే. తెల్లారితే ఉత్తరాన 14 వేల అడుగుల మౌంట్ శాస్తా మంచు కప్పుకొని కనిపిస్తుంది. భూమ్మీద ఇంత మంచినీళ్లు ఇంకెక్కడా దొరకవని ఊరివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు.

రైలు లేకపోతే ఈ ఊరే లేదు. ఒకప్పుడు దీని పేరు ‘పుషర్’... అంటే తోసేది! ఇక్కడి నుంచి కొండ ఎక్కాలంటే రైళ్లకు అదనపు ఇంజన్లు తగిలించాల్సి వచ్చేది. వాటి పేరే ఊరికి అంటుకుంది. తర్వాత బొగ్గు గనుల కుటుంబానికి చెందిన అలెగ్జాండర్ డన్స్‌మ్యూర్ అనే ఆసామి తన పేరు పెడితే ఫౌంటెన్ కట్టిస్తానన్నాడట. పేరు మారింది, ఫౌంటెన్ వచ్చింది.

ఊరికి ఎగువన కొన్ని మైళ్ల దూరంలో ఉంటుంది కాంటారా లూప్. నిటారు ఘాట్ మీద రైలు గుర్రపు నాడాలా వంపు తిరిగి, వంతెన మీదుగా నదిని దాటుతుంది. రైళ్లంటే ఇష్టపడేవాళ్లకు చూడముచ్చటైన చోటు. రైల్వే సిబ్బందికి మాత్రం గుండె చిక్కబట్టుకునే మలుపు.

1991 జులై 14 రాత్రి సదరన్ పసిఫిక్ కంపెనీ గూడ్సు రైలొకటి ఆ వంపు ఎక్కుతోంది. చాలా వ్యాగన్లు ఖాళీవి. వంపుగా ఉన్న తాడును రెండు కొసలా పట్టి లాగితే తిన్నగా సాగుతుంది కదా... ఇంజన్లు ముందుకు లాగుతుంటే, వెనక బరువు పట్టి ఉంచితే, మధ్యలో తేలికైన వ్యాగన్లు కూడా అలాగే పట్టాలు వదిలేస్తాయి. అదే జరిగింది. ఒక ట్యాంకర్ నదిలో పడి చిల్లుపడింది. పొలాల్లో వాడే మెటామ్ సోడియం అనే మందు 19 వేల గ్యాలన్లు, అంటే 70 వేల లీటర్లకు పైగా, నీళ్లలో కలిసింది. షాస్తా జలాశయం దాకా దాదాపు 60 కిలోమీటర్ల మేర నది చచ్చిపోయింది. పది లక్షలకు పైగా చేపలు, పురుగూ పుట్రా, నాచుతో సహా! ఊళ్లో కళ్లు మండి, ఊపిరాడక వందలమంది వైద్యుల దగ్గరికి పరుగెత్తారు. విచిత్రమేమంటే, రవాణాకు సంబంధించినంతవరకూ అప్పటికి ఆ మందు ఫెడరల్ ప్రభుత్వ ప్రమాదకర సరుకుల జాబితాలోనే లేదు.

మన దేశంలో రైల్వే కేంద్రానిది. అమెరికాలో సరుకు రవాణా మార్గాల్లో చాలావరకు ప్రైవేటు కంపెనీలవి. వాటి భద్రతకు నిబంధనలు పెట్టేది మాత్రం ఫెడరల్ ప్రభుత్వం. దేశమంతా ఒకే తీరుగా ఉండాలన్నది 1970 నాటి చట్టం. అయితే అందులో ఓ చిన్న కిటికీ ఉంది. ఎక్కడైనా పూర్తిగా ‘స్థానికమైన’ ప్రమాదం ఉంటే, అక్కడ రాష్ట్రం మరింత కఠినమైన నిబంధన పెట్టుకోవచ్చు. ఆ కిటికీలోంచే కాలిఫోర్నియా చెయ్యి పెట్టింది. రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ 1997లో ప్రమాదకరమైన చోట్లను గుర్తించింది. అక్కడ వ్యాగన్లను ఏ వరసలో కూర్చాలో కంపెనీలు సొంతంగా రాసుకున్న రూల్సే ఉన్నాయి. వాటినే పాటించండి, తప్పితే జరిమానా అంది.

కంపెనీలు కోర్టుకెక్కాయి. అప్పటికి సదరన్ పసిఫిక్ యూనియన్ పసిఫిక్‌లో కలిసిపోయింది. ఒకే రైలు నాలుగు రాష్ట్రాలు దాటుతుంది, సరిహద్దు సరిహద్దుకూ రూల్సు మారితే నడిపేదెలా అన్నది కంపెనీల వాదన. కొట్టిపారేయదగ్గ మాటేం కాదు. 2003లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు వాటివైపే మొగ్గింది. నిటారు ఘాట్లూ, ఒంపులూ దేశంలో ఇంకా చాలాచోట్ల ఉన్నాయి, వాటిని జాతీయ నిబంధనలే చూసుకోగలవు, ఇది స్థానికమైన ప్రమాదం కాదు అంది. రైలు కూర్పుపై రాష్ట్రం పెట్టిన నిబంధన చెల్లలేదు.

చట్టం లెక్కన అది దేశంలోని అనేక మలుపుల్లో ఒకటి. డన్స్‌మ్యూర్‌కు మాత్రం ఉన్నది అదొక్కటే!

నది కోలుకుంది. కంపెనీల నుంచి దాదాపు 3.8 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది. 1994లో మళ్లీ చేపల వేటకు అనుమతిచ్చారు. గాలం పట్టుకుని ట్రౌట్ చేపల కోసం గంటలతరబడి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడేవాళ్లు మళ్లీ వస్తున్నారు. ఊరికి దగ్గర్లోనే నాచుపట్టిన కొండ అంచు నుంచి పరదాలా జారే మాస్‌బ్రే జలపాతం ఉంది. పట్టాల వెంబడి నడిచి వెళ్తే దగ్గరే, కానీ ఆ నేల రైల్వేది. అలా నడవడం నేరం.

రాత్రి పొద్దుపోయాక ఎగువ నుంచి గూడ్సు బండి కూత వినిపిస్తుంది. అది మలుపు దాటి వెళ్లాక, లోయలో మళ్లీ నీళ్ల చప్పుడే.